నాలుగు గొంతులకు కొరాల్ రాయడం: మెలొడీ నుంచి సంఘం పాడే దాకా

లూథరన్ ఆరాధనలో జనమంతా కలిసి పాడడానికి పుట్టిన పాట కొరాల్. చిన్న చిన్న పాదాలు, పాదం చివర ఊపిరికి చోటు, ఎవరైనా రెండుసార్లు విని పట్టుకోగల మెలొడీ: ఇవే దాని ఆనవాళ్లు. 1524లో ఒక్క ఏడాదిలోనే ఎనిమిది పాటల చిన్న పుస్తకం, ఎర్ఫర్ట్ పాటల పుస్తకం, యోహాన్ వాల్టర్ విటెన్‌బర్గ్ క్వయర్ పుస్తకం వచ్చాయి. వాల్టర్ కూర్పుల్లో అసలు మెలొడీ ఎక్కువగా టెనర్‌లో ఉండేది. చుట్టూ మిగతా గొంతులు అల్లుకుపోతుంటే సంఘానికి దాన్ని వెతుక్కోవడం కష్టం. 1586లో లూకాస్ ఓసియాండర్ యాభై పాటల సంపుటిలో మెలొడీని పై గొంతుకు తెచ్చి, మిగతా మూడు గొంతులూ దానితోనే అడుగు వేసేలా కూర్చాడు. ఈనాడు కొరాల్ అంటే మనకు తోచే రూపం అదే: పైన మెలొడీ, కింద బేస్, మధ్యలో ఆల్టో, టెనర్.

ఈ రూపంలో సొంతంగా ఒక కొరాల్ రాసి, క్వయర్ చేత పాడించడం ఎలాగో ఇక్కడ మెట్టు మెట్టుగా ఉంది. మేజర్ స్కేలు, మూడు స్వరాల కార్డులు, కార్డు తలకిందులు కావడం (కింది స్వరం మారడం) తెలిసినవారికి ఇది సరిపోతుంది. శాస్త్రీయ సంగీతం నుంచి వచ్చినవారికి ఒక మాట: మేజర్ స్కేలు మెట్లు శంకరాభరణం మెట్లే. కాబట్టి మెలొడీని సరిగమల్లో కూడా రాస్తున్నాం. స్వరం పక్కనున్న అంకె స్థాయిని చెబుతుంది. కీబోర్డు నడుమ ఉండే సి స్వరం సి4.

నేర్చుకునే వరుస

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ శిష్యులకు కొరాల్ నేర్పిన పద్ధతిని ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్ రాసిపెట్టాడు. మొదట బేస్‌ను గురువే రాసిచ్చేవాడు, శిష్యులు ఆల్టో, టెనర్ మాత్రం కనిపెట్టాలి. అది చేతికొచ్చాక బేస్ కూడా వాళ్లనే రాయమనేవాడు. ఇంతకంటే మంచి వరుస లేదు. మధ్య గొంతులు నింపడంలో చేయి తిరగకముందే బేస్ మొదలుపెట్టినవారు, ఎక్కడ తప్పు జరిగిందో తెలియక ప్రతి రెండు కార్డులకూ ఆగిపోతారు.

అందుకని మొదటి వారాల్లో బాఖ్ కొరాల్ సంపుటి తెరవండి. 1784 నుంచి 1787 వరకు లైప్‌జిగ్‌లో బ్రైట్‌కాఫ్ సంస్థ నాలుగు భాగాలుగా అచ్చువేసిన ఆ సంపుటిలో 371 కొరాల్స్ ఉన్నాయి. ఒక కొరాల్‌లో పై గొంతు, బేస్ మాత్రం కాగితం మీద దింపుకొని మధ్య రెండు గొంతులూ మీరు రాయండి. తర్వాత అచ్చు పేజీతో పోల్చండి. బాఖ్ మీకంటే తక్కువ కదలికతో పని పూర్తిచేసిన చోట్లు గుర్తుపెట్టుకోండి. నేర్చుకోవలసింది ఎక్కువగా అక్కడే ఉంటుంది.

గొంతుల హద్దులు

రాయడానికి కూర్చునే ముందే కాగితం పైన ఈ హద్దులు రాసిపెట్టుకోండి. సోప్రానో (పై గొంతు): సి4 నుంచి జి5. ఆల్టో: జి3 నుంచి సి5. టెనర్: సి3 నుంచి జి4. బేస్: ఎఫ్2 నుంచి సి4. శిక్షణ లేని క్వయర్ అయితే రెండు కొసల్లోనూ ఒక్కో మెట్టు తగ్గించండి. ఆల్టో సి5 దగ్గర ఎక్కువసేపు ఉంటే గొంతు బిగుసుకుంటుంది. బేస్ ఎఫ్2 దగ్గర ఉంటే వినపడదు.

సోప్రానోకూ ఆల్టోకూ మధ్య, ఆల్టోకూ టెనర్‌కూ మధ్య ఒక ఆక్టేవ్‌ను మించి దూరం ఉండకూడదు. టెనర్‌కూ బేస్‌కూ మధ్య మాత్రం ఎంతైనా ఉండవచ్చు. కింది స్వరాలు దగ్గరగా కుక్కితే ధ్వని మసకబారుతుంది, పైవి విడిపోతే మధ్యలో ఖాళీ వినిపిస్తుంది. అందుకే ఈ నియమం.

మొదటి మెట్టు: మెలొడీని పాదాలుగా విడదీయడం

ఉదాహరణకు ‘నూన్ డాంకెట్ అల్లె గాట్’ తీసుకుందాం. పాట మార్టిన్ రింకార్ట్‌ది. మెలొడీ యోహాన్ క్రూగర్‌దని చెబుతారు, 1647 నాటిది. బాఖ్ 1725లో సంస్కరణ దినానికి రాసిన 79వ నంబరు కాంటాటాలో (ఆరాధనలో గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే రచనలో) దీన్ని వాడాడు. జి మేజర్‌లో రాసుకుంటే మొదటి రెండు పాదాలు ఇలా ఉంటాయి.

మొదటి పాదం: ప | ప ప ద ద | ప
స్వరాలు: డి | డి డి ఇ ఇ | డి

రెండో పాదం: గ | మ గ రి గ | రి స
స్వరాలు: బి | సి బి ఎ బి | ఎ జి

నిలువు గీత బారు మొదలును చూపుతుంది. రెండు పాదాలూ బారుకు ముందున్న బలహీన బీటు మీద ఎత్తుకుంటాయి. రెండో పాదంలో చివరి రి రెండు బీట్లు నిలుస్తుంది.

ఈ రెండు పాదాలూ వేరే మాటలతో మళ్లీ వస్తాయి, ఆ తర్వాత కొత్త భాగం. కొరాల్స్‌లో చాలావాటికి ఇదే కట్టడం: ఒక భాగం రెండుసార్లు, ఇంకో భాగం ఒకసారి. తిరిగొచ్చే భాగానికి అదే హార్మనీ వాడుకోవచ్చు, కాబట్టి ఆ మేరకు పని తగ్గుతుంది. మాటల భావం మారిన చోట బేస్‌ను మార్చి రాయడం అలవాటైతే ఇంకా మంచిది.

పాదం చివర అచ్చులో కనిపించే చుక్క మీది కమాను, అంటే ఫెర్మాటా, పాదం అయిపోయిందని చెప్పే గుర్తు. అది కనిపించిన ప్రతిచోటా మూడు నాలుగు బీట్లు సాగదీస్తే పాట ముక్కలవుతుంది. ఊపిరి తీసుకునేంత ఆగి ముందుకు వెళ్లాలి.

రెండో మెట్టు: ముందు పాదాల ముగింపులు

మొదటి స్వరం నుంచి వరుసగా కార్డులు పెట్టుకుంటూ పోకండి. ముందు ప్రతి పాదం చివరికి వెళ్లి కేడెన్స్, అంటే పాదాన్ని ముగించే కార్డుల వరుస, నిర్ణయించండి. మెలొడీ చివరి రెండు స్వరాలే దారి చూపుతాయి.

రి–స అయితే ఐదో కార్డు (స్కేలు ఐదో మెట్టు మీద కట్టిన కార్డు) నుంచి ఒకటో కార్డుకు. ని–స అయినా అంతే. ద–ప అయితే నాలుగో కార్డు నుంచి ఒకటో కార్డుకు మెత్తగా దిగవచ్చు. పాదం రి మీద ఆగితే ఐదో కార్డు మీద సగం ముగింపు. మధ్యమం ఒక అర్ధస్వరం పైకెక్కి పంచమం మీద ఆగితే, ఆ పాదం ఐదో స్వరపు స్కేలులోకి వెళ్లిందని అర్థం. అక్కడ ఆ స్కేలు సొంత ఐదో కార్డు వాడాలి.

పాదాలన్నీ ఒకటో కార్డు మీదే ముగిస్తే పాట ప్రతి పాదానికీ అయిపోయినట్టు అనిపిస్తుంది. మన ఉదాహరణలో మొదటి పాదాన్ని నాలుగు–ఒకటిగా తేలిగ్గా ఆపి, రెండో పాదాన్ని రెండు–ఐదు–ఒకటిగా గట్టిగా ముగిద్దాం.

మూడో మెట్టు: బేస్

వినేవారి చెవికి స్పష్టంగా తగిలేవి పైదీ కిందిదీ. మధ్య గొంతులు తీసేసి ఈ రెండూ పాడినా పాట నిలబడాలి. నిలబడకపోతే మధ్యలో ఎంత అందంగా నింపినా లాభం లేదు.

బేస్ రాసేటప్పుడు మూడు సంగతులు చూడండి. మెలొడీ పైకి వెళ్తే బేస్ కిందికి, మెలొడీ దిగితే బేస్ పైకి వెళ్లే అవకాశం ఎక్కడుందో చూడండి. ఒక్కో మెట్టు నడిచే చోట్లనూ పెద్ద అడుగు వేసే చోట్లనూ కలపండి. వరుసగా నాలుగో ఐదో స్వరాల దూరం గెంతుతూ ఉంటే పాడేవారికి శ్రుతి నిలవదు. బలహీన బీటు మీద ఉన్న కార్డే తర్వాతి బలమైన బీటు మీద కూడా ఉంటే తాళం మొద్దుబారుతుంది, బారు గీత దాటేటప్పుడు కార్డు మారాలి.

మొదటి పాదానికి బేస్: జి, ఎఫ్ షార్ప్, జి, ఇ, సి, జి. కార్డులు: ఒకటి, ఐదు (మూడో స్వరం కింద), ఒకటి, ఆరు, నాలుగు, ఒకటి. మెలొడీ మూడుసార్లు ఒకే ప దగ్గర నిలబడినా కింద బేస్ కదులుతోంది. ఇలా నిలిచిపోయే మెలొడీని బతికించేది బేసే.

నాలుగో మెట్టు: మధ్య గొంతులు

నియమం చిన్నది: కదలనవసరం లేని గొంతును కదపకండి. రెండు కార్డులకూ ఉమ్మడి స్వరం ఉంటే అదే గొంతులో నిలపండి, మిగతావాటిని దగ్గరి స్వరానికి తీసుకెళ్లండి. మొదటి పాదం ఇలా వస్తుంది.

సోప్రానో: డి5, డి5, డి5, ఇ5, ఇ5, డి5
ఆల్టో: జి4, ఎ4, జి4, జి4, జి4, జి4
టెనర్: బి3, ఎ3, బి3, బి3, సి4, బి3
బేస్: జి3, ఎఫ్ షార్ప్3, జి3, ఇ3, సి3, జి3

వరుసలో రెండో కార్డును గమనించండి. కింద ఎఫ్ షార్ప్ ఉంది, అది స్కేలులో నిషాదం. స వైపు లాగే స్వరం కాబట్టి దాన్ని ఇంకో గొంతుకు ఇవ్వకూడదు. రెండు గొంతులకు ఇస్తే రెండూ ఒకేసారి జికి వెళ్తాయి, సమాంతర ఆక్టేవ్ పడుతుంది. అందుకే అక్కడ ఎ స్వరాన్ని రెండు గొంతులకు ఇచ్చాం. మిగతా కార్డులన్నిటిలో మూల స్వరమే రెండుసార్లు వచ్చింది. మూల స్వరం కింద ఉన్న కార్డుకు అదే అన్నిటికంటే క్షేమం.

రెండో పాదంలో చివరి రి మీద మొదటి బీటుకు రెండో కార్డు, రెండో బీటుకు ఐదో కార్డు పెడదాం. అందుకే ఎ4 రెండుసార్లు రాశాం. సోప్రానో మాత్రం దాన్ని ఒకే స్వరంగా పాడాలి.

సోప్రానో: బి4, సి5, బి4, ఎ4, బి4, ఎ4, ఎ4, జి4
ఆల్టో: జి4, ఎఫ్ షార్ప్4, జి4, ఎఫ్ షార్ప్4, జి4, జి4, ఎఫ్ షార్ప్4, డి4
టెనర్: డి4, డి4, డి4, డి4, డి4, ఇ4, డి4, బి3
బేస్: జి3, ఎ3, జి3, డి3, జి3, సి3, డి3, జి3

ఇక్కడ చూడవలసినవి చాలా ఉన్నాయి. వరుసలో రెండోది డి, ఎఫ్ షార్ప్, ఎ, సి: స్కేలు ఐదో కార్డుకు సప్తమం (మూల స్వరం నుంచి ఏడో స్వరం) కలిసింది. ఆ సప్తమం మెలొడీలోని సి. సప్తమం ఎప్పుడూ ఒక మెట్టు కిందికి దిగాలి. మెలొడీ తానే సి నుంచి బికి దిగుతోంది కాబట్టి ఈ కార్డు ఇక్కడ అతికినట్టు సరిపోయింది. బేస్ కూడా మెలొడీతో పాటే జి, ఎ, జి అని నడుస్తోంది. ఇలా పై, కింది గొంతులు మూడో స్వరం దూరంలో (మధ్యలో ఆక్టేవ్ ఉన్నా) జంటగా నడవడం చెవికి హాయి, ఏ నియమమూ అడ్డురాదు.

వరుసలో ఆరోది సి, ఇ, జి, ఎ: స్కేలు రెండో కార్డుకు సప్తమంగా ఆల్టోలో జి ఉంది. అది ముందు కార్డులోనే ఆల్టోలో ఉన్న స్వరం, తర్వాత ఎఫ్ షార్ప్‌కు దిగుతుంది. ముందే వినిపించి, నిలిచి, దిగడం: కటువైన స్వరాన్ని చెవి ఒప్పుకునే తీరు అదే.

చివర ఆల్టో ఎఫ్ షార్ప్ నుంచి జికి ఎక్కకుండా డికి దిగింది. నిషాదం సకే వెళ్లాలన్న మాట పై గొంతులో తప్పనిసరి. మధ్య గొంతులో మాత్రం చివరి కార్డు నిండుగా ఉండడం కోసం ఇలా దిగవచ్చు. బాఖ్ కొరాల్స్ ఏ పేజీ తిప్పినా ఇది కనిపిస్తుంది. దీన్ని తప్పనుకొని ఆల్టోను జికి పంపితే చివరి కార్డులో మూడు జిలు, ఒక బి మిగిలి ముగింపు బోలుగా ఉంటుంది.

టెనర్ ఐదుసార్లు డి దగ్గరే ఉండడం దోషం కాదు. పాడేవాళ్లకు విసుగు రాకుండా తర్వాతి మెట్లలో చూద్దాం.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

అన్నిటికంటే ఎక్కువగా పడే తప్పు సమాంతర పంచమం. రెండు గొంతులు పంచమం దూరంలో (స నుంచి ప అంత దూరంలో) ఉండి, రెండూ కదిలి మళ్లీ పంచమం దూరంలోనే ఆగితే ఆ రెండూ వేర్వేరు గొంతులుగా వినిపించవు. నాలుగు గొంతుల అల్లికలో ఆ చోట ఒక దారం తెగినట్టు అవుతుంది. సమాంతర ఆక్టేవ్‌కు కూడా కారణం ఇదే.

మన రెండో పాదంలోనే ఒక ఉచ్చు ఉంది. ఐదో స్వరం బి కింద మళ్లీ ఒకటో కార్డు ఎందుకు, ఆరో కార్డు (ఇ మైనర్) పెడితే రంగు మారుతుంది కదా అనిపిస్తుంది. పెట్టి చూడండి. బేస్ డి3 నుంచి ఇ3కి, మెలొడీ ఎ4 నుంచి బి4కి. డి–ఎ పంచమం, ఇ–బి పంచమం. రెండూ ఒకే దిక్కుకు ఎక్కాయి, అదీ బయటి గొంతుల్లో. మధ్య గొంతులు ఎలా మార్చినా ఇది పోదు. మూల స్వరాలు కింద ఉన్న ఐదు–ఆరు కార్డుల వరుస మీద మెలొడీ రి–గ అని నడిస్తే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. మెలొడీ ని–స అని నడిచే చోట, లేదా రి–స అని దిగే చోట అదే వరుస నిక్షేపంగా కుదురుతుంది.

కాబట్టి తనిఖీ ఇలా చేయండి. నాలుగు గొంతులను రెండేసి కలిపితే ఆరు జంటలు: సోప్రానో–బేస్, సోప్రానో–టెనర్, సోప్రానో–ఆల్టో, ఆల్టో–బేస్, ఆల్టో–టెనర్, టెనర్–బేస్. ఒక్కో జంటను పాదం మొత్తం విడిగా చదవండి. పంచమం లేదా ఆక్టేవ్ వచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, పక్కపక్కన రెండు గుర్తులు పడితే ఆగి చూడండి. రెండు గొంతులూ కదలకుండా అక్కడే ఉంటే అది తప్పు కాదు. నాలుగు గొంతులనూ ఒకేసారి చూస్తూ వెతికితే కనీసం ఒకటైనా కళ్లు తప్పించుకుంటుంది.

తర్వాత చూడవలసినవి: కింది గొంతు పై గొంతును దాటిపోవడం. ఒకే గొంతు మూడు పూర్తి స్వరాల దూరం (మ నుంచి ని) గెంతడం, ఇది పాడడానికి కష్టం. కార్డులో మూడో స్వరం లేకుండా పోవడం. ఐదో స్వరం లేకపోయినా కార్డు తెలుస్తుంది, మూడోది లేకపోతే అది మేజరో మైనరో తెలియదు. ఇంకొకటి, ఐదో స్వరం కింద ఉన్న కార్డు. ఒకటో కార్డును అలా తలకిందులు చేసి కేడెన్స్‌కు వాడితే అది బలమైన బీటు మీద వచ్చి, తర్వాతి బీటులో ఐదో కార్డుకు చేరాలి. బలహీన బీటు మీద పెట్టి బలమైన బీటుకు ఐదో కార్డు తెస్తే బరువంతా తారుమారు అవుతుంది.

ఐదో మెట్టు: నడక స్వరాలు, నిలుపు స్వరాలు

కార్డులు సరిపోయాకే అలంకారం. మొదటి పాదంలో బేస్ జి నుంచి ఇకి వెళ్లేటప్పుడు నడుమ ఎఫ్ షార్ప్‌ను అర బీటు పెట్టండి. ఇ నుంచి సికి వెళ్లేటప్పుడు డి పెట్టండి. అప్పుడు బేస్ జి, ఎఫ్ షార్ప్, ఇ, డి, సి అని ఒకే మెట్ల వరుసగా దిగుతుంది. పైన మెలొడీ ఇ దగ్గర నిలిచి ఉండగా కింద ఈ దిగుడు చాలా బాగుంటుంది.

రెండో పాదం చివర టెనర్ డి4 నుంచి బి3కి వెళ్లేటప్పుడు సి4ను అర బీటు కలపండి. ఐదో కార్డుకు ఆ క్షణంలో సప్తమం చేరి ముగింపు బిగుస్తుంది. అంతదాకా డి దగ్గరే ఉన్న టెనర్‌కు ఇది మంచి ప్రతిఫలం.

నిలుపు స్వరం ఇంకొక తీరు. చివరి రి కింద రెండో కార్డు పెట్టకుండా మొదటి బీటుకే ఐదో కార్డు తెండి: బేస్ డి3, టెనర్ డి4, సోప్రానో ఎ4. ఆల్టో మాత్రం వెనకటి జి4నే పట్టుకొని ఉండి, రెండో బీటుకు ఎఫ్ షార్ప్‌కు దిగుతుంది. సోప్రానో ఎతో ఆల్టో జి ఒరుసుకునే ఆ ఒక్క బీటే పాదానికి ప్రాణం. మూడు షరతులు: స్వరం ముందు కార్డులో అదే గొంతులో ఉండాలి, ఒరిపిడి బలమైన బీటు మీద పడాలి, మెట్టు కిందికి దిగాలి. దిగవలసిన ఎఫ్ షార్ప్ ఆ బీటులో ఇంకే గొంతులోనూ ఉండకూడదు.

ఎంత అలంకారం? రెండు గొంతులు ఒకే అర బీటులో కదిలితే చాలు. నాలుగూ కదిలితే మాటలు వినపడవు. అలంకారం చేరిన తర్వాత ఆరు జంటల తనిఖీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. శుభ్రంగా ఉన్న కార్డుల మధ్య నడక స్వరమే కొత్త సమాంతర పంచమాన్ని తెచ్చిపెట్టవచ్చు.

మైనర్, పాత మోడ్‌లు

మైనర్‌లో ఐదో కార్డుకు నిషాదాన్ని అర్ధస్వరం పెంచుతాం. పెంచిన నిషాదం నుంచి పెంచని ధైవతానికి ఒకే గొంతును పంపితే పాడేవారు తడబడతారు. పైకెక్కే చోట ధైవతాన్ని కూడా పెంచండి, లేదా ఆ రెండు స్వరాలను వేర్వేరు గొంతులకు ఇవ్వండి. చివరి కార్డును మేజర్ చేయడం పాత అలవాటు. పాట ఆఖరి మాట ఆశతో ముగిస్తే అది తప్పక చేయదగిందే.

లూథర్ నాటి కొన్ని మెలొడీలు మేజరూ కావు, మైనరూ కావు. ‘ఔస్ టీఫర్ నోట్’ మెలొడీ ఫ్రిజియన్ మోడ్‌లోది, మన తోడి ఆరోహణలోలాగే స పక్కనే కోమల రిషభం వస్తుంది. దీనికి బలవంతంగా ఐదు–ఒకటి ముగింపు తగిలిస్తే మెలొడీ ఎదురుతిరుగుతుంది. ఇ మీద ముగిసే పాటకు ఎ మైనర్ కార్డు నుంచి ఇ మేజర్ కార్డుకు దిగండి, లేదా కింద ఎఫ్ ఉన్న డి మైనర్ కార్డు నుంచి దిగండి, అప్పుడు బేస్ ఎఫ్ నుంచి ఇకి దిగుతుంది.

ఒకే మెలొడీ ఎన్ని విధాలుగా నిలబడగలదో తెలియాలంటే హాన్స్ లియో హాస్లర్ 1601 నాటి ప్రేమగీతం మెలొడీని చూడండి. అది తర్వాత సిలువ ధ్యానపు కొరాల్ అయింది. బాఖ్ మత్తయి సువార్త పాషన్‌లో (యేసు శ్రమల కథను చెప్పే సంగీత రచనలో) అది ఐదుసార్లు వస్తుంది, హార్మనీ మారుతూ. యేసు ప్రాణం విడిచిన వెంటనే వచ్చే రూపంలో అర్ధస్వరాల దిగుడు దట్టంగా ఉంటుంది. ఐదు రూపాల బేస్‌లనూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి దింపుకొని చదవండి. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత నేర్పదు.

తెలుగు మాటలు కూర్చేటప్పుడు

1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ కాలం నుంచి ఆంధ్ర సువార్త లూథరన్ సంఘ పరంపరలో రాగతాళాల కీర్తనలూ, పాశ్చాత్య మెలొడీల మీద తెలుగు మాటలూ పక్కపక్కనే నడిచాయి. కీర్తనకు నాలుగు గొంతులు అతికించాలని చూడకండి, గమకానికి కార్డు అడ్డం. కొరాల్ మెలొడీకి తెలుగు మాటలు కూర్చడం మాత్రం చేయదగిన పని, అయితే మూడు చోట్ల జాగ్రత్త.

జర్మన్ పాదాలు చాలావరకు బలహీన బీటు మీద మొదలవుతాయి. తెలుగులో మాట మొదటి అక్షరానికే బరువు. మూడక్షరాల మాటతో పాదం మొదలుపెడితే రెండో అక్షరం బలమైన బీటు మీద పడి మాట విరిగినట్టు వినిపిస్తుంది. మందు సులువు: ‘నా’, ‘నీ’, ‘మా’, ‘ఓ’ లాంటి ఏకాక్షర పదంతో ఎత్తుకుంటే అసలు మాట బారు మొదట్లో నిలబడుతుంది.

రెండోది గురులఘువులు. రెండు బీట్లు నిలిచే స్వరం కింద హ్రస్వాక్షరం పెడితే పాడేవారు దాన్ని దీర్ఘం చేస్తారు, అర్థమే మారిపోవచ్చు. నిలిచే స్వరాలన్నిటి కిందా దీర్ఘాలు పడేలా ముందే చూసుకోండి. మూడోది అక్షరాల లెక్క. మన ఉదాహరణలో పాదాలు ఆరు, ఏడు, ఆరు, ఏడు, ఆ పైన నాలుగు ఆర్లు. ఒక అక్షరం ఎక్కువైతే స్వరాన్ని రెండుగా విరవవచ్చు. రెండు ఎక్కువైతే మాటే మార్చండి.

ఆరో మెట్టు: క్వయర్, సంఘం

జి మేజర్‌లో మన పాట ఇ5 దాకా వెళ్తుంది. క్వయర్‌కు పర్వాలేదు, ఆదివారం పొద్దున సంఘానికి అది ఎత్తు. సంఘం పాడే పాటలో పై స్వరం డి5 దాటకూడదు. కాబట్టి ఎఫ్ మేజర్‌కు, గొంతులు ఇంకా విచ్చుకోని తొలి ఆరాధనకైతే ఇ ఫ్లాట్ మేజర్‌కు దించండి. ఎఫ్‌లో మన బేస్ కింది స్వరం బి ఫ్లాట్2 అవుతుంది, హద్దులోనే ఉంటుంది. కీబోర్డు ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ఆధారపడకుండా కాగితం మీదే మార్చి రాయడం మంచిది. క్వయర్ చేతిలో ఒక స్కేలు, చెవిలో ఇంకొకటి ఉంటే శ్రుతి జారుతుంది.

సాధనకు ముందు బేస్, సోప్రానో కలిపి. అవి నిలబడ్డాక టెనర్, ఆఖరున ఆల్టో. ఆల్టో స్వరం చాలాసేపు ఒకేచోట ఉంటుంది, చుట్టూ మిగతావి ఉంటేనే దానికి తన చోటు తెలుస్తుంది. మొదట ‘నూ’ అనే ఒకే అక్షరంతో పాడించండి, మాటలు తర్వాత. బీటు వేగం నిమిషానికి 60 నుంచి 72. పెద్ద హాలులో ప్రతిధ్వని ఎక్కువైతే 60 వైపు, చిన్న గదిలో 72 వైపు.

శ్రుతి దిగిపోతోందంటే ముందుగా కార్డు మూడో స్వరం ఎవరి దగ్గరుందో చూడండి. మన మొదటి పాదంలో అది ఎక్కువగా టెనర్ బి3. ఆ స్వరాన్ని కొంచెం కిందికి పాడడం గొంతుకు అలవాటు. అదే స్వరానికి పదేపదే తిరిగొచ్చేవారు కూడా ప్రతిసారీ వెంట్రుకవాసి దిగుతారు, మొదటి పాదంలో జి దగ్గరే ఉండే ఆల్టో, డి దగ్గరే ఉండే సోప్రానో అలాంటివారే. వాళ్లకు ప్రతి స్వరాన్నీ కొత్తగా ఎత్తుకున్నట్టు పాడమని చెప్పండి.

సంఘం మొత్తం మెలొడీయే పాడాలి, నాలుగు గొంతులు క్వయర్‌వి. మొదటి చరణం అందరూ ఒకే గొంతుగా, రెండోది క్వయర్ నాలుగు గొంతుల్లో వాద్యం లేకుండా, మూడోది అందరూ కలిసి వాద్యంతో: ఈ వరుస ఎక్కడైనా పనిచేస్తుంది. వాద్యకారుడు ముందుగా చివరి పాదాన్ని మాత్రం వాయించి, పాడబోయే వేగంలోనే ఆపి, ఒక బీటు ఊపిరికి వదిలి ఎత్తుకోవాలి. ఆ ఒక్క బీటు లేకపోతే మొదటి అక్షరం సగం మందికి అందదు.

ఆరాధన గోడలు దాటాక

నాలుగు గొంతుల కొరాల్ చేతికొచ్చినవారు తర్వాత ఆర్గాన్ ప్రెల్యూడ్ (కొరాల్ మెలొడీ మీద ఆర్గాన్‌కు రాసే చిన్న రచన) వైపు వెళ్లవచ్చు. బాఖ్ ‘చిన్న ఆర్గాన్ పుస్తకం’లోని ప్రెల్యూడ్లు ఎక్కువగా మెలొడీని పైన ఉంచి, కింద ఒకే చిన్న కదలికను చివరిదాకా నడిపిస్తాయి. మీ సొంత బేస్‌లో బాగున్న నాలుగు స్వరాల ముక్క తీసుకొని అలా నడిపి చూడండి. బ్రామ్స్ 1896లో, జీవితం చివర, పదకొండు కొరాల్ ప్రెల్యూడ్లు రాశాడు. మెండెల్సన్ ఐదో సింఫనీ ఆఖరి భాగం లూథర్ పాట ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ (బలమైన కోట) మీద నిలుస్తుంది. మనం ఉదాహరణగా తీసుకున్న పాటనే ఆయన 1840 నాటి రెండో సింఫనీలో వాడాడు. ఆల్బన్ బెర్గ్ 1935 నాటి వయొలిన్ కన్చెర్టో చివర బాఖ్ 60వ కాంటాటా కొరాల్‌ను బాఖ్ హార్మనీతో సహా తెచ్చాడు. ఆ మెలొడీ మొదటి నాలుగు స్వరాలు మూడు పూర్తి స్వరాల మెట్లుగా ఎక్కుతాయి, అంటే ప్రతి మధ్యమం దాకా. సాధారణ కొరాల్‌లో ఏ గొంతుకూ పెట్టవద్దన్న దూరం అది. దాని కింద బాఖ్ పెట్టిన బేస్‌ను కాగితం మీద దింపి, పై ఆరు జంటల పద్ధతిలోనే చదవండి.